దండెం ఖాళీగా ఉన్న రోజు

కొందరున్నారు, ఏది అడిగినా పుట్టుపూర్వోత్తరాల నుంచి మొదలుపెడతారు. దూడలమ్మ ఆ కోవ మనిషి. టైమెంతయింది అని అడిగితే ఆ గడియారం ఎక్కడ కొన్నారో, కొన్న రోజు ఎంత ఎండగా ఉందో చెప్పి, ఆ ఎండకి ఏ దూడ సొమ్మసిల్లిందో కూడా చెప్పి, అప్పుడు టైము చెబుతుంది. అప్పటికి అడిగినవాడు వెళ్ళిపోయి ఉంటాడు. ఆమె మొగుడు పాల లారీ డ్రైవరు, నోరున్న మనిషి. పెళ్ళైన కొత్తలోనే ఆమె మాటలకి ‘దూడ వ్యాసం’ అని పేరు పెట్టాడు. బళ్ళో ఆవు వ్యాసం ఒక్కటే బట్టీపట్టినవాడు ఏ ప్రశ్న ఇచ్చినా తీసుకెళ్ళి ఆవుకే కట్టేసినట్టు, ఈవిడ ఏ మాటనైనా చివరికి దూడ దగ్గరకే తోలుకొస్తుందని. ఆమెకి కోపం వచ్చేది కాదు. నిజమే కదా అనుకునేది.

ఆమె పనే అది మరి. చుట్టుపక్కల పాడి ఉన్నవాళ్ళు వారం రోజుల దూడల్ని తెచ్చి ఆమెకి అప్పగిస్తారు. దూడని బకెట్లో పాలకి అలవాటు చేయాలంటే ఓపిక కావాలి, ఆ సరుకు వాళ్ళ ఇళ్ళలో దొరకదు. దూడలమ్మ రెండు వేళ్ళు పాలలో ముంచి దూడ నోట్లో పెడుతుంది. తల్లి చన్ననుకుని అది చప్పరిస్తుంది. అది చప్పరిస్తుండగానే చేతిని మెల్లగా బకెట్లోకి దించుతుంది. మూతి పాలకి తగలగానే వేళ్ళు ఒక్కొక్కటే జార్చేస్తుంది. మొదటి రోజు బకెట్టు తన్నేస్తాయి. రెండో రోజు పాలు ముక్కులోకి పోయి తుమ్ముతాయి. మూడో రోజు తాగుతాయి. రెండు నెలలకి గడ్డి తినడం నేర్చుకుని దేని కొట్టానికి అది వెళ్ళిపోతుంది. పాకలో ఎప్పుడు చూసినా అరవై పైచిలుకు ఉంటాయి. ఒకటి వెళ్తుంటే దాని నుదుటి మీద అరచెయ్యి పెట్టి కాసేపు నిలబడుతుంది. ఏడవదు గానీ, ఆ పూట కూరలో ఉప్పు ఎక్కువ పడుతుందని మొగుడి ఫిర్యాదు.

ఇంతకీ కొంప ముంచింది, వెళ్ళిపోయేదాన్ని వదల్లేని ఆ అలవాటే.

జిల్లా మండలి వాళ్ళు పోయిన ఏడాది పశువులున్న ప్రతి ఇంటికీ ఒక ఫారం పంపారు. వేలకొద్దీ పశువులుండే షెడ్లు వస్తున్నాయి, వాటికి నిబంధనలు రాయాలి, రాసేముందు ఎవరి దగ్గర ఎన్ని ఉన్నాయో తెలియాలి. మీ దగ్గర ఎన్ని పశువులు ఉన్నాయి అని ఒకటే ప్రశ్న, దాని పక్కన చిన్న గడి. ఇంకొకరైతే పాకలోకి తొంగిచూసి, లెక్కపెట్టి, రాసి పడేసేవాళ్ళు. దూడలమ్మ పాక గోడ దగ్గర ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. వచ్చిన ప్రతి దూడకీ ఆ గోడ మీద బొగ్గుతో ఒక గీత గీస్తుంది. ఏడాది గీతలన్నీ వేలుపెట్టి లెక్కపెడితే మూడు వందల డెబ్భై నాలుగు తేలాయి. అదే రాసింది. పాకలో ఉన్నవి ఎన్నో ఆమెకి తెలియక కాదు. తన వేళ్ళు చప్పరించి బతకడం నేర్చుకున్న దూడ ఇప్పుడు కళ్ళముందు లేదు కాబట్టి లెక్కలోనే లేదని రాయడానికి మనసు ఒప్పలేదు. లోకంలో దూడలు పెంచేవాళ్ళు తప్ప ఇంకెవరూ ఇలాంటి తప్పు చేయరు. చేసి, కింద సంతకం కూడా పెట్టరు.

మూడు నెలల తర్వాత మండలి ఆఫీసు నోటీసు బోర్డు మీద కొత్త నిబంధనల ముసాయిదా అంటించారు. మూడు వందలు దాటి పశువులుంటే అది పెద్ద పశుశాల. పెద్ద పశుశాలకీ, మనుషులుండే లేదా పనిచేసే ఏ గోడకీ మధ్య అర కిలోమీటరు దూరం ఉండాలి. పాతవైనా సరే, దూరం లేకపోతే రెండేళ్ళలో ఎత్తేయాలి. కింద పెద్ద పశుశాలల జాబితా. మొదటిది వాగు అవతల అయిదు వేల ఆవులతో రాబోతున్న కంపెనీ షెడ్డు. నాలుగోది దూడలమ్మ పాక. పాలు దింపడానికి వెళ్ళిన మొగుడు ఆ కాగితం చూసి, అక్కడే మెట్ల మీద కూలబడ్డాడు. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టు, ఆమె ఏం రాస్తే వాళ్ళు అది ఎక్కించేశారు. దూడలమ్మ పాకకి నలభై అడుగుల దూరంలో లాండ్రీ ఉంది. అర కిలోమీటరు జరగడానికి ఆమెకి వేరే చోటు లేదు. జాబితాలో ఆ అంకె అలాగే ఉంటే పాక మూసుకోవడమే.

ఇద్దరూ పరిగెత్తుకుంటూ ఆఫీసుకి వెళ్ళారు. అక్కడి గుమాస్తా చలికీ ఎండకీ ఒకే స్వెట్టరు వేసుకునే మనిషి. రాతపూర్వకంగా దిద్దుకునే గడువు నాలుగు రోజుల కిందే అయిపోయిందని చెప్పాడు. వాళ్ళ మొహాలు చూసి, లేచి తలుపు దగ్గరకి వేసి, ఇంకో దారి ఉందన్నాడు. నిబంధనల మీద వచ్చే గురువారం అందరి అభిప్రాయాలూ వింటారు. ఆ సభలో లేచి చెప్పింది సభ్యులు ఒప్పుకుంటే రికార్డులో మారుతుంది. కాకపోతే సంతకం పెట్టిన మనిషే చెప్పాలి, మొగుడు చెబితే చెల్లదు. మూడు నిమిషాలు ఇస్తారు. ఆ మనిషి తలుపు వేసి మరీ చెప్పాల్సిన అవసరం ఏముంది? గడువు అయిపోయింది, వెళ్ళి రండి అంటే సరిపోయేది. దూడలమ్మ ఈ రోజుకీ ఆ స్వెట్టరు కనిపిస్తే చేతులు జోడిస్తుంది.

ఇంటికొచ్చి మొగుడు వంటింటి గడియారం ముందు పెట్టి, చెప్పు చూద్దాం అన్నాడు. ఆమె గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. మొట్టమొదటి దూడ ఎవరిదో, దానికి జలుబు ఎలా చేసిందో, ఏ గోనెపట్టా కప్పిందో చెప్పేసరికి మూడు నిమిషాలూ అయిపోయాయి. అతను పడీ పడీ నవ్వాడు. రెండోసారి చెప్పమన్నాడు. ఈసారి జలుబు తగ్గింది. మూడోసారి దూడ గడ్డి తినేదాకా వచ్చింది. అప్పుడిక అతనికి నవ్వు రాలేదు. అరవై రెండు అని ఒక్క ముక్క చెప్పి కూర్చోమని బతిమాలాడు. ఒక్క ముక్క చెబితే వాళ్ళకి ఎలా అర్థమవుతుందండీ, మొదట్నుంచి చెప్పొద్దూ అని ఆమె బాధ.

ఇక లాండ్రీ ఆవిడ సంగతి చెప్పాలి.

లాండ్రీకి ఆసుపత్రి దుప్పట్లు వస్తాయి, రెండు లాడ్జీల దుప్పట్లు వస్తాయి. ఉతికి, పెరట్లో పన్నెండు దండేల మీద ఆరేస్తారు. దూడలమ్మ పాక వేసిన కొత్తలో ఇద్దరూ వదినా అంటే వదినా అనుకునేవాళ్ళు. కంచె మీదుగా గిన్నెలు అటూ ఇటూ తిరిగేవి. ఆ మొదటి ఎండాకాలం, ఒకరోజు దూడలమ్మ పాకలో గడ్డి ఎత్తించింది. దూడల కింద రోజూ పొడి గడ్డి పరుస్తారు, పాతదాని మీదే కొత్తది. పదిహేను రోజులకొకసారి అడుగునుంచి మొత్తం తవ్వి ఎత్తాలి. అడుగు పొర పైకొచ్చినప్పుడు లేచే వాసన ఉంది చూశారూ, ముక్కున్న ప్రతివాడూ తన ముక్కుని తిట్టుకుంటాడు. ఆ రోజు ఆరిన ఆసుపత్రి దుప్పట్లు మూటలు మూటలుగా వెనక్కి వచ్చాయి. లాండ్రీ ఆవిడ కంచె దగ్గర నిలబడి నానా మాటలూ అంది. రోగులు పడుకునే దుప్పట్లని పేడలో ముంచి ఇచ్చావంది, నీకు పక్కన మనుషులున్నారన్న సోయి ఉందా అని అడిగింది. దూడలమ్మ జవాబు చెబుదామని మొదట్నుంచి మొదలుపెట్టేలోపు ఆవిడ తలుపు వేసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత పదకొండేళ్ళు మాటల్లేవు.

దూడలమ్మ ఆ రాత్రంతా ఆలోచించింది. ఆవిడ అన్నదాంట్లో మాట కరుకే గానీ తప్పు లేదనిపించింది. అప్పట్నుంచి పాకలో గడ్డి ఎత్తాలంటే ముందు కంచె అవతలికి చూస్తుంది. దండేల మీద బట్టలుంటే పార ముట్టదు. ఎండ కాసే రోజు బట్టలు ఉండనే ఉంటాయి. కాబట్టి వాన కోసం కాచుకుంటుంది. వాన పడిందంటే లాండ్రీ వాళ్ళు బట్టలు లోపల యంత్రంలో ఆరబెట్టుకుంటారు, ఈవిడ ప్లాస్టిక్ కోటు తగిలించుకుని పార పట్టుకుంటుంది. బయటికి మోసేలోపు తడిసిన గడ్డి రెండింతలు బరువు. నడుం విరిగిపోతుంది. వాన లేని నెలల్లో లాండ్రీలో ఉతికే యంత్రం చెడి పని ఆగిన రోజు కోసమో, లాండ్రీకి సెలవున్న రోజు కోసమో చూస్తుంది. లోకమంతా ఎండలో ఎత్తేది వానలో ఎత్తే పిచ్చిదాన్ని కట్టుకున్నానని మొగుడు విసుక్కునేవాడు, విసుక్కుంటూనే రెండో పార పట్టుకునేవాడు. ఎందుకిలా చేస్తున్నావని బయటివాళ్ళు ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పేదే, మొదట్నుంచి.

అభిప్రాయాలు వినే రోజు రానే వచ్చింది. మండలి ఆఫీసు పై అంతస్తు హాలు, మడత కుర్చీలు, ఎదురుగా ఎత్తు బల్ల వెనక తొమ్మిది మంది సభ్యులు. మధ్యలో అధ్యక్షురాలు. మందుల షాపు నడుపుతుంది కాబట్టి ఎవరేం చెప్పినా చీటీ చదివినట్టు కళ్ళజోడు ముక్కు మీదకి దించి వింటుంది. గుమ్మం దగ్గర గుమాస్తా తలా ఒక పసుపు చీటీ ఇస్తున్నాడు. చీటీ ఒకటికి మూడు నిమిషాలు. మాట్లాడ్డం ఇష్టం లేనివాళ్ళు తమ చీటీ ఇంకొకరికి ఇవ్వొచ్చు. ఇస్తే మాత్రం ఇక తాము మాట్లాడకూడదు. ఆ మండలిలో ఎప్పట్నుంచో ఉన్న పద్ధతి అది.

లాండ్రీ ఆవిడ ముందు వరసలోనే కూర్చుంది. వాగు అవతల రాబోయే షెడ్డు తన పెరటికి మరీ దగ్గరవుతుందని, అర కిలోమీటరు దూరం ఉండి తీరాలని ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పెట్టించింది ఆవిడే. చేతిలో మూడు కాగితాలు, రెండు వైపులా రాసుకొచ్చింది. దూడలమ్మ ఆవిడ వీపు చూసి చివరి వరసకి వెళ్ళి కూర్చుంది.

ముందు కంపెనీ లాయరు లేచాడు. మంచి మాటకారి. అర కిలోమీటరు దూరం అనవసరమన్నాడు, ముప్ఫై మీటర్లు చాలన్నాడు. సాక్ష్యం ఇక్కడే ఉందంటూ జాబితా పైకెత్తి చూపించాడు. నాలుగో పేరు చూడండి, మూడు వందల డెబ్భై నాలుగు పశువులు, పక్కనే నలభై అడుగుల్లో లాండ్రీ. పదకొండేళ్ళలో ఆ లాండ్రీ నుంచి ఈ ఆఫీసుకి ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు. వాసన సమస్యే అయితే తెల్ల దుప్పట్లు ఆరేసుకునేవాళ్ళు ఊరుకుంటారా? హాల్లో తలలన్నీ లాండ్రీ ఆవిడ వైపు తిరిగాయి. ఆవిడ మెడ బిగుసుకుపోయింది. దూడలమ్మకి అప్పుడు అర్థమైంది. చేసింది ఒక తప్పు, అది ఇప్పుడు తన మెడకే కాదు, పక్కావిడ మెడకి కూడా చుట్టుకుంది.

తర్వాత పిలుపు ఆమెదే. వెళ్ళి మైకు ముందు నిలబడింది. అరవై రెండు, అరవై రెండు అని మొగుడు వెనకనుంచి పెదాలు కదుపుతూనే ఉన్నాడు. ఆమె నోరు తెరిచింది. ఏం చెప్పిందనుకున్నారు? మొదటి దూడ ఎవరిదో చెప్పింది. జలుబు చెప్పింది. గోనెపట్టా చెప్పింది. సభ్యుల్లో ఒకాయన తనకీ పాడి ఉంది కాబట్టి కాసేపు ఆసక్తిగానే విన్నాడు. జలుబు తగ్గుతుండగా గుమాస్తా గంట కొట్టాడు. పాపం, ఎంత మెల్లగా కొట్టినా గంట గంటే.

మొగుడు గబగబా వెళ్ళి తన పసుపు చీటీ బల్ల మీద పెట్టాడు. ఆ మనిషికి మాట్లాడ్డం అంటే అన్నం కంటే ఇష్టం. ఈ సభలో ఏమేం అనాలో వారం నుంచి లారీలో ఒంటరిగా సాధన చేసుకున్నాడు కూడా. అదంతా మింగేసి చీటీ ఇచ్చేశాడు. ఇంకో మూడు నిమిషాలు. దూడలమ్మ ఈసారి గోడ మీద గీతల దాకా వచ్చింది. ఏ బొగ్గుతో గీస్తుందో, వాన జల్లుకి అవి చెరిగిపోతే మళ్ళీ ఎలా గుర్తుపట్టి గీసిందో చెబుతోంది. ఇంకొక్క వాక్యం చాలు, ఒడ్డున పడిపోయేది. గంట మోగింది.

అధ్యక్షురాలు జాలిగానే, అయినా స్థిరంగా, ఇక కూర్చోమ్మా అంది. దూడలమ్మకి కళ్ళముందు పాక మెదిలింది, తలుపు మూసేసి. పొద్దున్న తన చెయ్యి చప్పరించిన మచ్చల దూడకి ఇంకా బకెట్టు అలవాటు కాలేదు.

అప్పుడు ముందు వరసలోంచి లాండ్రీ ఆవిడ లేచింది. అయిపోయింది, ఇప్పుడీవిడ దులిపేస్తుంది అని అందరూ అనుకున్నారు. దూడలమ్మ కూడా అదే అనుకుని తల దించుకుంది. ఆవిడ నేరుగా గుమాస్తా బల్ల దగ్గరకి వెళ్ళి, తన పసుపు చీటీని రెండుసార్లు సాపుచేసి, అక్కడ పెట్టింది.

“నా మూడు నిమిషాలూ ఆవిడకివ్వండి” అంది.

చీటీ ఇచ్చేస్తే ఇక మీరు మాట్లాడ్డానికి ఉండదు, రాసుకొచ్చిన కాగితాలన్నీ వృథా అవుతాయి, ఆలోచించుకోండి అంది అధ్యక్షురాలు. ఆలోచించుకున్నానంది ఆవిడ. తన చోటికి తిరిగి వెళ్తూ, దూడలమ్మ పక్కన ఆగి, అధ్యక్షురాలితోనే అంది.

“నేనేం మాట్లాడ్డం లేదు. ఆవిడకి గుర్తుచేస్తున్నానంతే. గడ్డి ఎప్పుడు ఎత్తుతుందో కూడా చెప్పమనండి.”

దూడలమ్మ తలెత్తి చూసింది. ఆవిడకి తెలుసు! ఎన్నేళ్ళ నుంచి తెలుసో. వానలో తను కోటు తగిలించుకుని పార పట్టుకున్న ప్రతిసారీ, ఆ కిటికీ వెనక మనిషి ఉందన్నమాట. చూసిందన్నమాట. ఎవరూ చూడలేదనుకున్న పనిని ఒకరు పదకొండేళ్ళుగా చూస్తున్నారంటే మనిషికి ఏమవుతుందో నేను చెప్పలేను. దూడలమ్మకి మాత్రం ఒళ్ళంతా వెచ్చబడింది. ఆవిడకి ఇంత ఋణపడ్డానా అనిపించింది. జీవితంలో మొదటిసారి, మొదట్నుంచి చెప్పాలన్న యావ ఆమెని వదిలేసింది.

“నేను తప్పు రాశానండీ. నా పాకలో ఉన్నవి అరవై రెండు దూడలు. మిగతా మూడు వందల పన్నెండూ వెళ్ళిపోయాయి. వెళ్ళిపోయినవాటిని లేవని రాయడానికి నాకు చెయ్యి రాలేదు.”

పాడి ఉన్న సభ్యుడు తల వంచుకుని నవ్వాడు. అది వెక్కిరింత నవ్వు కాదు. అతని దూడలు కూడా ఆ మూడు వందల పన్నెండులో ఉన్నాయి మరి. అధ్యక్షురాలు కళ్ళజోడు ఇంకాస్త దించి, సరే, గడ్డి ఎప్పుడు ఎత్తుతారని అడిగింది.

“వాళ్ళ దండెం ఖాళీగా ఉన్న రోజు. ఎక్కువగా వాన రోజు.”

అలా చేయమని ఎవరు చెప్పారని అడిగింది అధ్యక్షురాలు.

“ఎవరూ చెప్పలేదండీ. రోగులు పడుకునే దుప్పట్లు కదా.”

లాయరు సగం లేచి, ఏమైనా ఫిర్యాదు రాలేదన్న మాట వాస్తవం అన్నాడు. ఎందుకు రాలేదో ఇప్పుడు అందరికీ తెలిసింది, కూర్చోండి లాయరు గారూ అంది అధ్యక్షురాలు, మందు ఎప్పుడు వేసుకోవాలో చెప్పేంత మామూలుగా.

గుమాస్తా గడియారం చూసి ఇంకా రెండు నిమిషాలు ఉన్నాయన్నాడు. దూడలమ్మ మైకు దగ్గర్నుంచి అప్పటికే పక్కకి జరిగింది.

“నాకు చాలు. మిగిలింది ఆవిడకే ఇచ్చేయండి.”

నాకు చాలు అన్న మాట ఆమె నోట విని మొగుడు నిజంగానే కుర్చీలోంచి జారబోయాడు. గుమాస్తా నిబంధనల పుస్తకం తిరగేశాడు. ఇచ్చిన చీటీలో మిగిలింది వెనక్కి ఇవ్వొచ్చని అందులో ఎక్కడా లేదు. ఇవ్వకూడదని ఉందా అని అడిగింది అధ్యక్షురాలు. అదీ లేదన్నాడు, సంతోషంగా.

లాండ్రీ ఆవిడ మళ్ళీ లేచి మైకు దగ్గరకి వచ్చింది. మూడు కాగితాలూ విప్పి, ఎక్కడ్నుంచి చదవాలో తెలియక, మళ్ళీ మడతపెట్టేసింది.

“అయిదు వేల ఆవులుండే చోట, పేడ కదిపేముందు నా దండెం వైపు చూసేదెవరు? చూసే మనిషి లేనప్పుడు కనీసం దూరమైనా ఉండాలి కదండీ.”

ఇంకా ఒకటిన్నర నిమిషం మిగిలింది. దాన్ని ఎవరూ వాడుకోలేదు.

సాయంత్రానికి ఓట్లు లెక్కపెట్టారు. పెద్ద పశుశాలలకి అర కిలోమీటరు దూరం ఉండాల్సిందే అని ఏడుగురు, అక్కర్లేదని ఇద్దరు. జాబితాలో నాలుగో పేరు కొట్టేశారు, పక్కన అరవై రెండు అని రాసి గుమాస్తా సంతకం పెట్టాడు. పాడి ఉన్న సభ్యుడు ఇంకో వాక్యం కలపమన్నాడు, అందరూ సరేనన్నారు: పెద్ద పశుశాలవాళ్ళు పేడ ఎత్తేముందు ఇరుగుపొరుగువాళ్ళకి ఒకరోజు ముందుగా చెప్పాలి. ఆ వాక్యం ఎవరి పెరట్లో పుట్టిందో నిబంధనల పుస్తకంలో రాయలేదు. రాయకపోతేనేం, అక్కడున్నవాళ్ళందరికీ తెలుసు.

మెట్ల దగ్గర జనం తోపులాటలో ఇద్దరికీ మాటలు కుదరలేదు. అసలు దూడలమ్మకి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. దారి పొడుగునా మొగుడు ఆపకుండా మాట్లాడాడు, వారం రోజులు దాచుకున్నదంతా. ఆమె ఊఁ కొట్టింది. మనసులో మాత్రం ఒక్కొక్కరికీ దణ్ణం పెట్టుకుంటూ వచ్చింది. తలుపు వేసి దారి చెప్పిన గుమాస్తాకి, మాట మింగుకున్న మొగుడికి, వెక్కిరింత లేకుండా నవ్విన ఆ పాడి ఆయనకి, చివరికి ఆ కంచె అవతలి కిటికీకి కూడా.

మర్నాడు పొద్దున్నే ఎండ ఫెళ్ళున కాసింది. మూడు వారాలుగా వాన చుక్క లేదు, పాకలో గడ్డి ఎత్తాల్సిన రోజు దాటి వారమైంది. దూడలు కాళ్ళు మార్చి మార్చి నిలబడుతున్నాయి. ఇంకెన్నాళ్ళు ఆగాలో అనుకుంటూ దూడలమ్మ అలవాటుగా కంచె అవతలికి చూసింది. పన్నెండు దండేలూ ఖాళీ. ఒక్క జేబురుమాలు కూడా లేదు. యంత్రం చెడిందేమో, పాపం, నిన్న నా గొడవలో పడి చూసుకోలేదేమో అనుకుని కంచె దగ్గరకి వెళ్ళింది. లోపల యంత్రం గిర్రున తిరుగుతూనే ఉంది. బట్టలు అందులోనే ఆరుతున్నాయి, బయట ఇంత ఎండ పెట్టుకుని.

వెనక తలుపు తెరుచుకుంది. లాండ్రీ ఆవిడ తడి చేతులు తుడుచుకుంటూ గడపలో నిలబడింది.

“నాలుగింటికి ఆరేస్తాను. అప్పటిదాకా ఎండ నీది వదినా. కానివ్వు.”

దూడలమ్మకి చెప్పాల్సింది చాలా ఉంది. ఆ మొదటి ఎండాకాలం నుంచి, ఆ మూటల నుంచి, ఆ రోజు చెప్పలేకపోయిన జవాబు నుంచి ఉంది.

“సరే వదినా” అంది.

అంతే అంది. మొగుణ్ణి కేకేసి, పారలు రెండూ బయటికి తీసి, పదకొండేళ్ళలో మొదటిసారి, లాండ్రీ నడుస్తుండగానే ఎండలో పొడి గడ్డి ఎత్తింది. ఎంత తేలికో ఆమె మర్చిపోయింది. మధ్యాహ్నానికల్లా పాక అద్దంలా అయిపోయింది, దూడలు కొత్త గడ్డి మీద గంతులేశాయి. చేతులు కడుక్కుని వంటకి కూర్చుంది.

ఆ పూట కూరలో ఉప్పు ఎక్కువైంది. మొగుడు ఏమీ అనకుండా తిన్నాడు.